కేన్సిలంటే కేన్సిలే

నా పేరు సౌమ్య. పేరు పెట్టినవాళ్ళకి నేను పెద్దయ్యాక పోర్ట్ బ్లెయిర్‌లో ఇంగ్లీషు టీచరునవుతానని తెలీదు. తెలిసుంటే ఇంకేదైనా పెట్టేవారు.

ఈ ఊళ్ళో ఒక్క మాట నా ప్రాణం తోడేస్తోంది. ఆ మాట కేన్సిల్. షిప్పు ఆలస్యంగా బయల్దేరితే కేన్సిల్. కరెంటు పోతే కరెంటు కేన్సిల్. చేపలావిడ రాకపోతే ఆ రోజుకి చేప కేన్సిల్. బతు బస్తీలో మా వీధి చివర కొట్టులో కొబ్బరినూనె అయిపోతే, ఆ కొట్టాయన "తేల్ కేన్సిల్ దీదీ, కల్ ఆనా" అంటాడు. రేపు రమ్మంటున్నది ఆయనే. రేపు వచ్చేది కేన్సిల్ ఎలా అవుతుందయ్యా అని అడిగితే, పాపం ఎండదెబ్బ తగిలిందేమో అన్నట్టు చూస్తాడు.

ఏటా ఎనిమిదో తరగతికి ఈ పాఠం షిప్పులతోనే చెబుతాను. మా పిల్లల్లో చాలామంది రైలు చూడలేదు కానీ షిప్పు కోసం పడిగాపులు పడని పిల్ల లేదు. బోర్డు మీద షిప్పు బొమ్మ వేస్తాను. డిలే అంటే ఇవాళే వెళ్తుంది, ఆలస్యంగా. పోస్ట్‌పోన్ అంటే ఇవాళ కాదు, ఇంకో రోజు. కేన్సిల్ అంటే ఇక లేదు, ఇంటికి పొండి. అందరూ గంగిరెద్దుల్లా తలలూపుతారు. గంట కొట్టగానే వరండాలోకి పోయి, "ఆటల పీరియడ్ కేన్సిల్ రే, లంచ్ తర్వాతంట!" అని కేకలు పెట్టుకుంటారు. నాకు చాక్‌పీసు విసిరికొట్టాలనిపిస్తుంది.

ఇంట్లో చెప్పుకుందామంటే మా ఆయన ఉదయ్‌కుమార్, "కేన్సిలన్నా వాళ్ళకి అర్థమవుతోంది కదా, నీకేంటి బాధ?" అంటారు. ఆయనతో మాట్లాడడం మానేసి చాలాకాలమైంది, ఈ విషయంలో.

ఇన్నేళ్ళలో నేను చెప్పింది బుర్రకెక్కించుకున్నది ఒక్కతే పిల్ల. సుమ. మా పక్కింటి బాబ్జీ అన్నయ్య కూతురు. బాబ్జీ అన్నయ్యకి టైర్ల పంక్చర్ల షాపు. వాళ్ళ తాతలు ఎప్పుడో శ్రీకాకుళం నుంచి వచ్చారు. వాళ్ళది ఇక్కడే పుట్టి పెరిగిన కుటుంబం. సుమకి తెలుగు చదవడం అంతంతమాత్రం కానీ ఇంగ్లీషు మాట మాత్రం తూకం వేసినట్టు వాడుతుంది. డిగ్రీ అవగానే జెట్టీలో అనౌన్సరుగా చేరింది. "మే ఐ హేవ్ యువర్ అటెన్షన్ ప్లీజ్" అని మైకులో దాని గొంతు వినబడితే, జెట్టీలో ఎవరికీ పట్టకపోయినా నాకు మాత్రం కడుపు నిండుతుంది. డిలే అనాల్సిన చోట డిలే అంటుంది. పోస్ట్‌పోన్ అనాల్సిన చోట పోస్ట్‌పోన్ అంటుంది. అది నా పిల్ల.

దానికి సంబంధం కుదిర్చింది కూడా నేనే. ఇంకో దీవిలో, షిప్పెక్కి వెళ్ళాల్సిన హట్ బేలో హార్డ్‌వేర్ షాపున్న గణేశ్వరరావుగారి అబ్బాయి రాజ్‌కిరణ్. వాళ్ళ బంధువొకావిడ మా స్కూల్లో పనిచేస్తుంది. మంచి కుటుంబం, అబ్బాయికి చెడు అలవాట్లు లేవు, నవ్వు ముఖం. నాది పూచీ అని రెండువైపులా నేనే హామీ ఇచ్చాను.

పెళ్ళిచూపులకి వాళ్ళు షిప్పులో వచ్చారు. కుర్రాడి తల్లి గురమ్మగారు సుమని పక్కన కూర్చోబెట్టుకుని, గడ్డం పట్టుకుని, "పెల్లయ్యేక జాబుకి కొంచెం బ్రేక్ ఇచ్చీ బేటీ" అంది.

"హట్ బే జెట్టీలో కూడా అనౌన్సరు కావాలంటున్నారాంటీ. అక్కడికి మార్పించుకుంటాను," అంది సుమ.

"అరే, ముందు బ్రేక్ తీసుకో కదా."

"బ్రేక్ అంటే ఎన్నాళ్ళాంటీ?"

గురమ్మగారు పకపకా నవ్వింది. "అదేటి బేటీ! బ్రేకంటే బ్రేకే."

అందరూ నవ్వారు. నేను జంతిక కొరుకుతూ, "అవన్నీ తర్వాత చూసుకోవచ్చులే సుమా," అన్నాను. సుమ నా వంక ఒకసారి చూసింది.

ఆదివారం నాడు నిశ్చితార్థం. శనివారం షిప్పులో హట్ బే నుంచి వాళ్ళంతా రావాలి. గురువారం నుంచే ముసురు పట్టింది. శనివారం పొద్దున లేచేసరికి కొబ్బరిచెట్లు నేలకి వంగి వంగి లేస్తున్నాయి. హట్ బేలో షిప్పు కదల్లేదని తెలిసింది. సరే, వాన ఎవరి చేతిలోనిది? ఇంకో రోజు పెట్టుకుంటారు, దాందేముంది అనుకుని నేను ఇడ్లీ పిండిలో చెయ్యి పెట్టాను.

అప్పుడు బాబ్జీ అన్నయ్య గొడుగు కూడా లేకుండా తడుస్తూ వచ్చాడు. వెనకాలే అసిరమ్మ వదిన. ఆవిడ కొంగు నోట్లో పెట్టుకుని ఏడుస్తోంది.

"టీచరమ్మా, కొంప మునిగిపోనాది," అన్నాడు. "గణేశ్వరరావుగారు ఫోన్ చేసి గట్టిగా అరిసీసినారు. సంబంధం ఒద్దంటే ముందే సెప్పాల గానీ ఇలాగ పరువు తీస్తారా అంటన్నారు."

"ఎవరు వద్దన్నారు?"

"ఎవలూ అన్లేదు! సుమ పొద్దున డూటీకెల్లే ముందర ఆ బాబుకి ఫోన్ చేసి ఎంగేజిమెంట్ కేన్సిల్ అన్నాదంట. అంతే. షిప్పు కేన్సిల్ కదా, ఎంగేజిమెంటూ కేన్సిల్ అవ్వాల కదా. అందులో తప్పేటుంది? నానూ బిర్యానీ ఆయనకి ఫోన్ చేసి భయ్యా బిర్యానీ కేన్సిల్ అని సెప్పీసినాను."

నేను పిండి చేత్తోనే నెత్తి పట్టుకున్నాను. ఇన్నేళ్ళుగా నేను దేనికి భయపడుతున్నానో అదే జరిగింది. ఒక్క మాట తేడాతో పిల్ల పెళ్ళి పెటాకులయ్యేలా ఉంది. అదీ ఎవరు? సుమ! రోజంతా మైకులో సరిగ్గా చెప్పి, సొంత పెళ్ళి దగ్గరకొచ్చేసరికి వాళ్ళ నాన్న భాష వచ్చేసింది దానికి. మొక్కుబడిగా నేర్చుకున్న చదువు కాదు కదా అది, మరి ఎక్కడికి పోయింది?

"అన్నయ్యా, బిర్యానీ కేన్సిల్ అన్నారా? వచ్చే ఆదివారం ఫంక్షన్ పెడితే బిర్యానీ వద్దా?"

"కావాల కదా!"

"అయితే అది కేన్సిల్ కాదు, పోస్ట్‌పోన్. ముందు ఆయనకి ఫోన్ చేసి మార్చి చెప్పండి."

ఆయన అక్కడే నిలబడి ఫోన్ చేసి, "భయ్యా, బిర్యానీ కేన్సిల్ నహీ, పోస్ట్‌పోన్ హై, పోస్ట్‌పోన్," అన్నాడు. అవతలాయన ఏమన్నాడో గానీ ఫోన్ పెట్టేసి, "అదే కదా నువ్వు సెప్పింది అంటన్నాడు టీచరమ్మా," అన్నాడు. నేను పళ్ళు నూరుకున్నాను.

తర్వాత నేనే గణేశ్వరరావుగారికి ఫోన్ చేశాను. ఆయన నన్ను మాట్లాడనివ్వలేదు.

"ఏటమ్మా టీచరుగారూ, మీ మాట మీద కదా మేము ఒప్పుకున్నాం? పిల్ల ఫోన్ చేసి కేన్సిల్ అంటాదా? మావోడు అలాగ కూర్చుండిపోయాడు."

"అది కాదండీ, సుమ ఉద్దేశం పోస్ట్‌పోన్. షిప్పు కదల్లేదు కదా, ఫంక్షన్ ఇంకో రోజుకి వాయిదా అన్నమాట. ఆ కంగారులో ఆ మాట ఇటు, ఈ మాట అటు..."

"కేన్సిలంటే కేన్సిలే కదమ్మా!"

"మీకలా వినబడిందండీ. ఇక్కడ అందరూ అన్నిటికీ కేన్సిలే అంటారు. మీరు నిన్న మాట్లాడుతూ అననే అన్నారు, కరెంటు కేన్సిల్ అని. కరెంటు మళ్ళీ రాలేదా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "ఒచ్చింది."

"మరి! ఇదీ అంతే."

నాకే నా వాదన ముద్దొచ్చింది. ఆయన మెత్తబడ్డాడు. వెనకనుంచి గురమ్మగారు ఏదో అంటోంది. "సరేనమ్మా. మీరు పెద్దమనిషి కాబట్టి వింటన్నాం. ఐతే ఆ మాట పిల్ల నోటంట రావాల. నాను కేన్సిల్ అన్లేదు, ఆ రెండోదేటి, అదే అన్నాను అని ఒక్క మాట ఫోన్లో సెప్పమనండి. మేము తరవాత షిప్పుకి ఒచ్చీస్తాం. సెప్పకపోతే మాత్రం ఇంక లేదు. బంధువుల్లో తలెత్తుకోవాల కదా."

సుమకి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. డ్యూటీలో ఉంటే ఎత్తదు. ఇక చేసేదేముంది, ముగ్గురం ఆటో ఎక్కి జెట్టీకి బయల్దేరాం.

దారిలో నేను ఊరుకోలేదు. ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు? మిడిల్ పాయింట్ కూడలి దగ్గర వాననీళ్ళలో ఆటో ఆగిపోతే, అక్కడే పాఠం మొదలుపెట్టాను. అసిరమ్మ వదిన కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వింటోంది. బాబ్జీ అన్నయ్య బుద్ధిమంతుడిలా చేతులు కట్టుకున్నాడు.

"షిప్పు ఇవాళే, కానీ లేటుగా వెళ్తే?"

"కేన్సిల్."

"అన్నయ్యా!"

"సారీ, సారీ. డిలే."

"ఇవాళ కాదు, సోమవారం వెళ్తుందంటే?"

"అది... ఆ బిర్యానీది. పోస్ట్‌పోన్."

"మరి కేన్సిల్ ఎప్పుడనాలి?"

"తుఫానొచ్చి మునిగిపోతే?"

"నోరు ముయ్యి!" అంది అసిరమ్మ వదిన. "పిల్ల పెల్లికోసం ఎల్తూ మునిగిపోవడాలేటి?"

నేను మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. డ్రైవరు కూడా వెనక్కి తిరిగి వింటున్నాడు. నేను వాణ్ణి ముందు చూడమని కసిరాను. బాబ్జీ అన్నయ్య నుదురు ముడేసుకుని పెదాలు కదుపుతూ చాలాసేపు లెక్కలేవో వేసుకున్నాడు. జెట్టీ గేటు కనబడుతుండగా ఒక్కసారిగా నా వైపు తిరిగాడు.

"దొరికీసింది టీచరమ్మా! డిలేకి టైము మారతాది. పోస్ట్‌పోన్‌కి డేటు మారతాది. కేన్సిల్‌కి డేటే ఉండదు. అంతే కదా?"

నాకు కళ్ళు చెమర్చాయి. నిజం. ఎనిమిదో తరగతిలో ఒక్క పిల్లా ఇంత శుభ్రంగా చెప్పలేదు. "అంతే అన్నయ్యా, అంతే!" అన్నాను. ఆయన మురిసిపోయి పెళ్ళాన్ని కూడా అప్పజెప్పమన్నాడు. ఆవిడ ఆయన్ని ఒక్క చూపు చూసింది.

జెట్టీ షెడ్డులో జనం కిక్కిరిసి ఉన్నారు. బస్తాలు, కోళ్ళ గంపలు, తడిసిన గొడుగులు. అద్దాల గదిలో సుమ మైకు ముందు కూర్చుని ఉంది. నీలం చీర యూనిఫాం, ముఖంలో ఏ తొట్రుపాటూ లేదు. కిటికీ దగ్గర జనం ఎగబడి అడుగుతున్నారు.

"దీదీ, హట్ బే కేన్సిల్ హువా క్యా?"

"కేన్సిల్ నహీ హువా అంకుల్, పోస్ట్‌పోన్ హువా హై. సోమవారం ఉంటుంది. టికెట్ అదే చెల్లుతుంది."

"తో ఆజ్ కేన్సిల్ హై నా?"

"కేన్సిల్ నహీ. పోస్ట్‌పోన్."

అదే ప్రశ్న పదిమంది అడిగినా అదే జవాబు, అదే ఓపిక. నేనైతే ఈపాటికి మైకు పట్టుకుని అందర్నీ బెంచీ ఎక్కించేదాన్ని. ఇంత తెలిసిన పిల్ల పొద్దున అంత తప్పెలా మాట్లాడిందా అని నాకు ఒళ్ళు మండింది.

మమ్మల్ని చూసి పక్కనున్న అమ్మాయికి మైకు అప్పజెప్పి బయటికొచ్చింది. నేను అప్పటికే గణేశ్వరరావుగారికి ఫోన్ కలిపేశాను.

"సుమా, నీ తొందరపాటుకి ఎంత పనైందో తెలుసా? సరే, అయిందేదో అయింది. మావయ్యగారు లైన్లో ఉన్నారు. నేను కేన్సిల్ అనలేదండీ, పోస్ట్‌పోన్ అన్నాను అని చెప్పు. ఒక్క మాట. చెప్పేసి పో, డ్యూటీ చేసుకో."

అది ఫోన్ అందుకోలేదు. వాళ్ళ అమ్మని చూసింది, నాన్నని చూసింది, తర్వాత నన్ను చూసింది.

"నేను కేన్సిల్ అనే అన్నాను టీచర్."

"అదే కదమ్మా తప్పు! పోస్ట్‌పోన్ అనాలి."

"తప్పు కాదు టీచర్. పోస్ట్‌పోన్ అనాలంటే పోస్ట్‌పోన్ అనేదాన్ని. నాకు తేడా తెలుసు కదా. మీరే కదా నేర్పారు."

నాకు వెంటనే ఎక్కలేదు. ఎక్కాక కూడా ఎదురుచెప్పాను. "మతి పోయిందా? ఏమైందని?"

"నిన్న సాయంత్రం రాజ్‌కిరణ్‌ని అడిగాను. బ్రేక్ బ్రేక్ అంటున్నారు కదా, ఎన్నాళ్ళు అని. నవ్వాడు. మళ్ళీ అడిగాను. ఫుల్ బ్రేక్ అన్నాడు." దాని గొంతు వణికింది. మైకులో ఎప్పుడూ వణకని గొంతు. "ఫుల్ బ్రేక్ అంటే ఏంటి టీచర్? బ్రేక్ అంటే మళ్ళీ మొదలవ్వాలి. మొదలవ్వకపోతే అది స్టాప్. స్టాప్ అని అంటే నేను ఆ రోజే ఆలోచించుకునేదాన్ని. వాళ్ళకి తెలిసే బ్రేక్ అన్నారు. స్టాప్ అంటే ఒప్పుకోనని."

"అలాగని ఒక్క మాటకి..."

"మీరుండగానే అడిగాను కదా టీచర్, పెళ్ళిచూపుల్లో. ఎన్నాళ్ళని. తర్వాత చూసుకోవచ్చులే అన్నారు మీరు."

జంతిక కొరుకుతూ ఆ మాట అన్నది నేనే. కొట్టాయన్ని కొబ్బరినూనె దగ్గర కూడా వదిలిపెట్టని నేను, ఈ పిల్ల బతుకు దగ్గర బ్రేక్‌ని వదిలేశాను. పొద్దున్నుంచీ ఊరందరి మాటా సరిదిద్దుతూ తిరిగాను, కానీ సరైన మాట చెప్పినదాన్ని ఒక్కసారి కూడా అడగలేదు, నువ్వన్నది నిజమేనా అని. సిగ్గేసింది. చెప్పలేనంత సిగ్గేసింది.

అసిరమ్మ వదిన ఏడుపు ఆపేసింది. కూతురి భుజం మీద చెయ్యి వేసి, "తిన్నావేటే?" అని మాత్రం అడిగింది. అది తల అడ్డంగా ఊపింది.

బాబ్జీ అన్నయ్య ఒక్కడే మిగిలాడు. ఆయన పెదాలు మళ్ళీ ఆటోలో లాగానే కదులుతున్నాయి. టైము, డేటు... ఆ పాఠం నేను అంత బాగా చెప్పకుండా ఉంటే బాగుండేదని మొదటిసారి అనిపించింది.

"అంటే డేటే ఉండదన్నమాట," అన్నాడు మెల్లగా.

"ఉండదు నాన్నా."

ఫోన్లోంచి గణేశ్వరరావుగారు అరుస్తున్నారు. "హలో! హలో! ఏటన్నాదమ్మా పిల్ల?"

ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను.

"గణేశ్వరరావుగారూ, అమ్మాయి అన్నది కేన్సిలేనండీ."

"అదే కదమ్మా పొద్దుట్నుంచీ నాను మొత్తుకుంటన్నది! కేన్సిలంటే కేన్సిలే అని నానంటే, కాదని నాకు పాఠం సెప్పినావు గదా!"

"అవునండీ. మీరే సరిగ్గా అర్థం చేసుకున్నారు. నేనే పొరబడ్డాను."

ఆయన ఇంకేదో అంటుండగానే లైను తెగిపోయింది. వానకో, కోపానికో తెలీదు. సుమ కళ్ళు తుడుచుకుని అద్దాల గదిలోకి వెళ్ళింది. కాసేపటికి షెడ్డంతా దాని గొంతు. హట్ బే షిప్పు పోస్ట్‌పోన్ అయిందట. సోమవారం ఉంటుందట. ప్రయాణికులు దయచేసి గమనించగలరు.

బాబ్జీ అన్నయ్య స్తంభానికి ఆనుకుని నిలబడి చాలాసేపు ఆ గొంతు విన్నాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీశాడు.

"భయ్యా, బిర్యానీ గురించి. పొద్దున రెండోసారి సెప్పింది కాదు. మొదటిసారి సెప్పిందే కరెక్ట్. పోస్ట్‌పోన్ నహీ. కేన్సిల్."

ఫోన్ పెట్టేసి, సరిగ్గానే అన్నానా అన్నట్టు నా వైపు చూశాడు. సరిగ్గానే అన్నారని తలూపాను.